అడ్వాన్స్ అడగని మేస్త్రీని నమ్మొద్దు

పాత ఇల్లు బాగు చేయించుకుందామనుకుంటున్నామని ఎవరితోనైనా అనండి, నాలుగు సలహాలు తప్పకుండా వస్తాయి. ముందు పైసా ఇవ్వకు. మొత్తం ఇంతని గుత్తకి మాట్లాడేయ్. మూడో వంతు డబ్బు ఆఖరిదాకా ఆపు. పండగ ముందు అసలివ్వకు, ఊరెళ్ళినవాడు తిరిగి రాడు. ఇవన్నీ దెబ్బతిన్నవాళ్ళు చెప్పే మాటలే, కాదనను. అడ్వాన్స్ చేతిలో పడ్డాక ఫోనెత్తని మేస్త్రీ కథ లేని వీధి మన ఊళ్ళలో ఉండదు. కానీ ఈ సలహాలు తు.చ. తప్పకుండా పాటించినవాళ్ళ బాత్‌రూములే సగంలో ఆగి నెలల తరబడి అలా పడి ఉండటం నేను చూస్తున్నాను.

అందుకే ఇక్కడ రాస్తున్నవన్నీ వాటికి ఎదురు సలహాలు. తలకిందులుగా కనపడతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు కొట్టిపారేస్తారు. అయినా గట్టిగానే చెబుతాను, ఎందుకంటే వీటన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒకటే: పని ఏ రోజు ఆగిపోయినా ఇటు మీరుగానీ అటు మేస్త్రీగానీ పెద్ద మొత్తం బాకీ పడి ఉండకూడదు. బాకీ పెరిగితే ఎవరో ఒకరికి తప్పించుకోవడంలో లాభం కనపడుతుంది. బాకీ చిన్నదిగా ఉంటే ఇద్దరికీ పని పూర్తికావడంలోనే లాభం.

ఇవి పెద్ద ఇంటీరియర్ కంపెనీలతో ఒప్పందాలు చేసుకునేవాళ్ళ కోసం కావు. నలుగురైదుగురు మనుషుల్ని వెంటపెట్టుకుని వచ్చే తాపీ మేస్త్రీ, వడ్రంగి, ప్లంబర్, పెయింటర్‌లతో పని చేయించుకునేవాళ్ళ కోసం.

1. అడ్వాన్స్ అడగని మేస్త్రీని పెట్టుకోకండి

"మీ దగ్గర అడ్వాన్స్ ఎందుకు సార్, పని చూశాకే ఇవ్వండి" అనేవాడు దేవుడిలా కనపడతాడు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మేస్త్రీకి బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదు. సోమవారం నలుగురు మనుషుల్ని మీ ఇంటికి తీసుకొస్తే, సాయంత్రానికి వాళ్ళ ఖర్చులకి ఎంతో కొంత ఇవ్వాలి. సిమెంట్, ఇసుక, పైపులు రావాలి. మీరివ్వని ఆ డబ్బు ఇంకెక్కడి నుంచో వస్తోంది.

రావడానికి రెండు దారులు. ఒకటి, ఇంకొకరి ఇంటికి తీసుకున్న అడ్వాన్స్. అదే నిజమైతే రేపు మీరిచ్చే డబ్బు కూడా మూడో ఇంటికి వెళుతుంది, దాంతోపాటు మనుషులూ వెళతారు. రెండోది, షాపులో అరువు. అప్పుడు మీ ఇంట్లో ఏ పైపు వేయాలో, ఏ వైరు లాగాలో షాపువాడు నిర్ణయిస్తాడు, ధర కూడా అతను చెప్పిందే. కాబట్టి అడ్వాన్స్ వద్దన్నవాణ్ణి నిలబెట్టి అడగండి: "మొదటి వారం మనుషులకి ఎలా ఇస్తారు మేస్త్రీ?" సూటిగా జవాబు చెబితే సరే. మాట దాటేస్తే వేరే మనిషిని చూసుకోండి.

2. శాతాలు మాట్లాడకండి

"ముప్పై శాతం ఇవ్వండి", "పది శాతమే ఇస్తాం" అని బేరాలాడుతుంటారు. ఆ శాతానికి అర్థం లేదు. ఏ పనికి ముందు ఎంత డబ్బు కావాలో ఆ పనే చెబుతుంది.

పెయింటింగ్‌లో మొదటి రోజుల్లో ఉండేది గోడ గీకడం, లప్పం పెట్టడం, రుద్దడం. ఎక్కువ భాగం కూలీయే. రంగు డబ్బాలు తర్వాత వస్తాయి. అందుకని పెయింటర్‌కి ముందు కావాల్సింది తక్కువ. వడ్రంగి పని దీనికి పూర్తిగా వేరు. వార్డ్‌రోబ్ మొదలుపెట్టిన రోజునే ప్లైవుడ్, లామినేట్, ఫెవికాల్, కబ్జాలు అన్నీ ఇంట్లో ఉండాలి, ఖర్చులో పెద్ద ముక్క మొదటి రోజునే అయిపోతుంది. మీ కిటికీ కొలతకి కోయించే యూపీవీసీ చట్రాలు, మీ వంటింటి కొలతకి ఫ్యాక్టరీలో చేయించే మాడ్యులర్ కిచెన్ పెట్టెలు ఇంకో ఇంటికి పనికిరావు. వాటికి సగం ముందే అడిగినా న్యాయమే.

కాబట్టి "ఎంత" అనే ప్రశ్న పక్కన పెట్టి "దేనికి" అని అడగండి. కాగితం మీద మూడు ఖానాలు గీయండి: సామాను, కూలీ, రవాణా. లెక్క మీరే వేయండి. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న బాత్‌రూమ్ తీసుకుందాం. నేల 40 చదరపు అడుగులు. చుట్టుకొలత 26 అడుగులు. ఏడడుగుల ఎత్తు దాకా గోడలకి టైల్స్ వేస్తే 182. రెండున్నర అడుగుల తలుపు సందు తీసేస్తే దాదాపు 165. నేలతో కలిపితే 205. కోతల్లో, విరుగుళ్ళలో పదో వంతు పోతుందనుకున్నా 225 చదరపు అడుగులు సరిపోతాయి. పది నిమిషాల పని ఇది. ఈ అంకె చేతిలో ఉంటే టైల్స్ కోసమంటూ 350 అడుగుల డబ్బు ఎవరూ అడగరు, అడిగినా మీరు నోరెళ్ళబెట్టక్కర్లేదు.

3. సామాను డబ్బు షాపుకి ఇవ్వండి, మేస్త్రీకి కమీషన్ మీరే ఇవ్వండి

ఇది వినగానే కోపం వస్తుందని తెలుసు. మేస్త్రీ తీసుకొచ్చిన గిరాకీకి షాపులు కమీషన్ ఇవ్వడం అందరికీ తెలిసిన సంగతే. దాన్ని దొంగతనం అంటూ చాలామంది మేస్త్రీని పక్కన పెట్టి ఒక్కళ్ళే షాపుకెళతారు. అక్కడ తెలియక తప్పుడు సామాను కొంటారు. పని మొదలయ్యాక మేస్త్రీ "ఇది పనికిరాదు సార్" అంటాడు, రెండోసారి కొంటారు.

నా సలహా ఇది. మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళండి. బయల్దేరే ముందే చెప్పండి: "సామాను చూసి పెట్టినందుకు ఇంత ఇస్తాను. షాపు బిల్లు నేనే కడతాను. బిల్లు నా పేరు మీద ఉండాలి." ఆయన నైపుణ్యానికి దొడ్డిదారిన దొరికే డబ్బు మీ చేతి మీదుగా, వెలుగులో దొరుకుతుంది. అప్పుడు ఆయన షాపువాడి మనిషిగా కాకుండా మీ మనిషిగా నిలబడి సరుకు ఎంచుతాడు.

షాపులో మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్లైవుడ్ మీద ముద్ర చదవండి. ఐఎస్ 303 ఎంఆర్ అంటే మామూలు తేమని తట్టుకునే రకం, గదుల్లో అల్మరాలకి చాలు. ఐఎస్ 710 అంటే నీళ్ళకి ఓర్చుకునే మెరైన్ రకం, సింకు కింద అదే ఉండాలి. కరెంటు వైరు చుట్ట మీద ఐఎస్ 694 ఉందో లేదో చూడండి. లైట్లకి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లు, ప్లగ్గులకి రెండున్నర, ఏసీకి, గీజర్‌కి నాలుగు అని అడగండి. కచ్చా బిల్లు మీద కొన్న సామాను రేపు పాడైతే వారంటీ అడగడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

4. పగలగొట్టేదాకా గుత్త మాట్లాడకండి

కొత్త ఇల్లు వేరు, పాత ఇల్లు వేరు. పాత బాత్‌రూమ్ నేల కింద ఏముందో తవ్వేదాకా మేస్త్రీకి తెలియదు, మీకూ తెలియదు. అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ స్లాబు కిందికి దింపి కట్టి, పైన రాళ్ళూ మట్టీ నింపుతారు. ఏళ్ళ తరబడి నీళ్ళు దిగి ఆ నింపుడంతా తడిసి ముద్దయి ఉండొచ్చు. గోడలో జీఐ పైపు తుప్పు పట్టి చేతిలో రాలిపోవచ్చు. ఇవేవీ చూడకుండా "మొత్తం ఇంత" అని మాట్లాడుకుంటే రెండింట్లో ఒకటి జరుగుతుంది. జాగ్రత్తపరుడైన మేస్త్రీ కనపడని ఖర్చంతా కలిపి ఎక్కువ చెబుతాడు. అవసరంలో ఉన్నవాడు తక్కువ చెప్పి, మధ్యలో నష్టం కనపడగానే పని ఆపేస్తాడు.

పగలగొట్టే పని రోజు కూలీకి ఇవ్వండి. రెండు మూడు రోజుల కూలీ, మట్టి ఎత్తించే బండి కిరాయి, అంతే. నేల తేలాక, గోడ తెరుచుకున్నాక మేస్త్రీతో కూర్చుని అసలు పనికి ధర మాట్లాడండి. టైల్స్‌కి చదరపు అడుగు లెక్కన, పైపులకి పాయింటు లెక్కన. పెద్ద అడ్వాన్స్ ఇచ్చే రోజు ఇదే. పగలగొట్టకముందు పెద్ద మొత్తం ఇచ్చినవాళ్ళు కొలతలు తెలియని పనికి డబ్బు కట్టినట్టే.

ఈ పద్ధతిలో ఇంకో మేలుంది. ఆ రెండు మూడు రోజుల్లో మేస్త్రీ సమయానికి వస్తున్నాడా, మనుషులతో ఎలా మాట్లాడుతున్నాడు, పక్క ఫ్లాటు వాళ్ళకి ఇబ్బంది లేకుండా చూస్తున్నాడా, అన్నీ మీకు కనపడతాయి. నచ్చకపోతే కూలీ చెల్లించి మర్యాదగా విడిపోవచ్చు.

5. పని బాగోకపోయినా శనివారం బట్వాడా ఆపకండి

అన్నిటికంటే ఎక్కువమంది ఒప్పుకోనిది ఈ సలహానే. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేదీ ఇదే.

శనివారం సాయంత్రం పని ముగిశాక ఒకసారి అక్కడ ఉండండి. మేస్త్రీ బోర్లించిన ఇసుక తట్ట మీద కూర్చుని జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీస్తాడు. ఒక్కో పేరు ఎదురుగా గీతలుంటాయి. పూర్తి రోజుకి నిలువు గీత, సగం రోజుకి అడ్డంగా కొట్టిన గీత. బుధవారం ఖర్చుకి తీసుకున్న రెండొందలు పక్కన రాసి ఉంటాయి, అవి తీసేస్తాడు. తట్ట మోసిన ఆమె చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంటుంది. మర్నాడు ఆ డబ్బుతోనే వారం సరుకులు రావాలి, గది అద్దె కట్టాలి.

ఇప్పుడు ఒక టైల్ వంకరగా ఉందని మీరు మొత్తం డబ్బు ఆపారనుకోండి. ఆ వంకరకీ ఆమెకీ సంబంధం లేదు. కానీ ముందు ఎండేది ఆమె ఇల్లే. సోమవారం పొద్దున ఆ మనుషులు మీ ఇంటికి రారు, అడ్డా మీద నిలబడి ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట వెళతారు. మేస్త్రీ ఒక్కడూ మీ గుమ్మంలో నిలబడి రోజుకో సాకు చెబుతాడు. మీరు ఆపింది డబ్బు అనుకుంటారు, ఆగింది పని.

పని బాగోకపోతే కోత మేస్త్రీ వాటాలో పెట్టండి, వంకర టైల్ తీయించి మళ్ళీ ఆయన ఖర్చుతోనే వేయించండి. కూలీల డబ్బు మాత్రం ఆ శనివారమే వాళ్ళ చేతికి అందేలా చూడండి.

అడ్వాన్స్ ఇచ్చాం కదా అని మనుషుల మీద అధికారం చలాయించడం కూడా తప్పే. "మా డబ్బు తిన్నావు, రాత్రి పది దాకా చేయాల్సిందే" అనే మాట నోట రాకూడదు. పాలమూరు కూలీల చరిత్ర తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. గుంపు మేస్త్రీలు కరువు కాలంలో కుటుంబాలకి అడ్వాన్సులు ఇచ్చి, ఆ అప్పు పేరుతో దేశమంతా ఆనకట్టలకీ కాలువలకీ తరలించారు. ఆ బాకీ తీరక తరాలు నలిగాయి. అప్పు పేరుతో మనిషిని పనికి కట్టిపడేసే వెట్టిచాకిరీని 1976లో చట్టం రద్దు చేసింది. మనం ఇచ్చే అడ్వాన్స్ ఒక పని కోసం, ఆ మనిషిని కొనుక్కోవడం కోసం కాదు.

6. పండగకి ముందు లెక్క తేల్చి డబ్బిచ్చేయండి

కోస్తాలో సంక్రాంతికి, తెలంగాణలో దసరాకి పనివాళ్ళు ఊళ్ళకి వెళతారు. అప్పుడు డబ్బు బిగబట్టడం మన దగ్గర ఆనవాయితీ. బాకీ ఉంటే తిరిగి వస్తాడని నమ్మకం. జరిగేది వేరు. చేతిలో డబ్బు లేకుండా ఊరికెళ్ళినవాడు పిల్లలకి బట్టలు కొనడానికి ఇంకో మేస్త్రీ దగ్గరో, ఇంకో ఇంటివాళ్ళ దగ్గరో అడ్వాన్స్ తీసుకుంటాడు. పండగ అయ్యాక ముందు వెళ్ళేది ఆ అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళ ఇంటికే.

పండగకి నాలుగు రోజుల ముందు కొలతలు తీయండి. అయిన పనికి పూర్తిగా ఇచ్చేయండి. చేయని పనికి ఒక్క రూపాయి కూడా ముందు ఇవ్వకండి. అయినంతవరకు ఏదో ఒక దశలో పని ముగించి వెళ్ళమనండి: ప్లాస్టరింగ్ పూర్తిచేసి వెళితే మీరే నీళ్ళు కొట్టి వారం రోజులు క్యూరింగ్ చేసుకోవచ్చు, ఆ సెలవులు వృథా కావు. "మళ్ళీ ఏ రోజు మొదలుపెడదాం?" అని అడిగి ఆ తారీఖు రాసుకోండి. తిరిగి రప్పించేది మిగిలి ఉన్న పనీ, మీరు డబ్బు సరిగ్గా ఇచ్చే మనిషనే పేరూ.

ఇంకో మాట. మీ ఇంటి నమ్మకాలు ఒప్పుకుంటే మరమ్మతులు ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకోండి. గృహప్రవేశాలు లేని రోజులవి. మంచి మేస్త్రీలు ఖాళీగా దొరుకుతారు, మూడు ఇళ్ళ మధ్య తిరగరు, అడ్వాన్స్ కోసం తొందరపెట్టరు.

7. ఆఖర్న మూడో వంతు ఆపకండి

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మేస్త్రీల గురించి అంటాం. ఆఖరి బట్వాడా దగ్గర ఆ సామెత ఇంటివాళ్ళకీ వర్తిస్తుందని మేస్త్రీలందరికీ తెలుసు. మూడో వంతు ఆపుతారని తెలిస్తే ఆ రిస్కుని ముందే ధరలో కలుపుకుంటారు, లేదా ఆ డబ్బు రాదని మనసులో రాసేసుకుని ఆఖరి పనులు వదిలేస్తారు. ఆఖరి పనులంటే టైల్స్ సందుల్లో గ్రౌట్ నింపడం, సింకు చుట్టూ సిలికాన్, తలుపు బిగింపులు, రంగు మచ్చల దిద్దుబాటు. ఒక్కోటీ చిన్నదే, కానీ ఇల్లు ఇల్లులా కనపడేది వాటితోనే.

పది శాతానికి మించి ఆపకండి. ఆపినది పరీక్షకి కట్టండి, మీ తృప్తికి కాదు. బాత్‌రూమ్‌కి వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, నేల మీద నీళ్ళు నిలిపి రెండు రోజులు ఉంచండి. కింది ఇంటి సీలింగ్ పొడిగా ఉంటే ఆ దశ డబ్బు ఇవ్వాల్సిందే. పైపులు గోడలో మూసేముందు నీళ్ళ ఒత్తిడి పెట్టి చూడండి. డాబా లీకేజీ పనైతే మొదటి గట్టి వాన దాకా ఆగుతామని ముందే రాసుకోండి. పరీక్ష నెగ్గిన రోజు మేస్త్రీ ఫోన్ చేయకముందే డబ్బు పంపండి. మీ ఇంటి పని పది మందికి చెప్పేది ఆయనే, రేపు ట్యాపు కారితే పరిగెత్తుకొచ్చేదీ ఆయనే.

8. తెలిసినవాడైతే ఇంకా గట్టిగా రాసుకోండి

మనూరివాడు, మా తమ్ముడి స్నేహితుడు, పదేళ్ళుగా తెలిసినవాడు. ఈ మాటల దగ్గరే కాగితం మాయమవుతుంది. కొత్తవాడితో గొడవొస్తే డబ్బే పోతుంది. తెలిసినవాడితో గొడవొస్తే ఇంటి ఫంక్షన్లలో మొహాలు తిప్పుకోవాల్సి వస్తుంది. అందుకని దగ్గరివాళ్ళతోనే ఎక్కువ వివరంగా రాసుకోవాలి.

నోటిమాట ఒప్పందం కూడా 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం చెల్లుతుంది. కానీ ఏం మాట్లాడుకున్నారో నిరూపించేది కాగితమే. స్టాంపు పేపరు అవసరం లేదు. ఒక పేజీలో ఏ పని, ఏ సామాను, ఏ ధర, ఏ దశకి ఎంత, ఎన్ని రోజులు అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. చదువు రాని మేస్త్రీకి గట్టిగా చదివి వినిపించండి, ఒక కాపీ ఆయనకివ్వండి. యూపీఐలో పంపేటప్పుడు "బాత్‌రూమ్ ప్లంబింగ్ మొదటి దశ" అని నోట్ రాయండి. నగదు ఇస్తే అదే పేజీ మీద తారీఖు వేసి సంతకం తీసుకోండి. ఒకే పని కింద రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదని కూడా గుర్తుంచుకోండి.

9. పోయిన అడ్వాన్స్ వెనక ఇంకో అడ్వాన్స్ పంపకండి

ఇన్ని చేసినా మోసపోయే సందర్భాలుంటాయి. మనిషి రాడు, వచ్చినా "ఇంకో ఇరవై వేలు వేస్తే రేపే పూర్తిచేస్తా" అంటాడు. ఆ ఇరవై వేలు వేయకండి. మొదటిది కాపాడుకోవాలనే ఆశతో పంపే రెండో మొత్తమే మనుషుల్ని ఎక్కువగా ముంచుతుంది.

ఆ రోజే ఫోటోలు తీయండి. ఇంకో మేస్త్రీని పిలిచి అయిన పని ఎంత, మిగిలింది ఎంత అని రాయించుకోండి. ఇచ్చిన దాంట్లోంచి అయిన పని విలువ తీసేస్తే మీకు రావాల్సింది తేలుతుంది. ఆ అంకెతో, గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీకుంది. డబ్బు తీసుకుని సేవ సరిగ్గా చేయకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల దాకా ఉంటే ఫీజు లేదు. రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి. 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. పోలీసు స్టేషన్‌కి పరిగెత్తే ముందు ఒకటి తెలుసుకోండి: పని ఆలస్యం చేయడం వేరు, మొదటి నుంచీ ముంచే ఉద్దేశంతో డబ్బు తీసుకోవడం వేరు. రెండోదే మోసం కేసు అవుతుంది.

ఇదే న్యాయం మీకూ వర్తించాలి. మీరే మనసు మార్చుకుని పని వద్దనుకుంటే, మీ కోసం వేరే పని వదులుకున్న మేస్త్రీకి ఆ రోజుల కూలీ ఇచ్చి పంపండి.

ఇవన్నీ గుర్తుంచుకోవడం కష్టమనిపిస్తే, పని జరుగుతున్నన్నాళ్ళూ ప్రతి శనివారం ఒక్క లెక్క వేయండి. ఈ సాయంత్రమే పని ఆగిపోతే నేను మేస్త్రీకి ఎంత ఇవ్వాలి, మేస్త్రీ నాకు ఎంత ఇవ్వాలి? ఏ వైపైనా తేడా ఒక వారం కూలీకి మించి ఉంటే ఆ సాయంత్రమే సరిచేసుకోండి. మీరు బాకీ ఉంటే ఇచ్చేయండి. ఆయన బాకీ ఉంటే ఆ మేరకు పని కనపడేదాకా కొత్త డబ్బు ఇవ్వకండి, కూలీల బట్వాడా తప్ప. ఈ ఒక్కటి పాటిస్తే మీ ఇల్లు పూర్తవుతుంది. మేస్త్రీ ఇల్లూ గడుస్తుంది.